పాత నవలల్లోకి శవాలను పంపిన ఉద్యోగం

నా ఉద్యోగ జీవితంలో ఆఖరి నాలుగేళ్లు ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, "పుస్తకాల పని" అని చెప్పి మాట మార్చేస్తాను. నిజం చెప్తే కొందరు నవ్వుతారు, కొందరు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. పాత నవలల్లో శవాలను లేపడం నా పని. నవలలో పెద్దమనుషులు పంచెలు సర్దుకుని సంఘసంస్కరణ గురించి గంభీరంగా మాట్లాడుకుంటూ ఉంటారు చూడండి, సరిగ్గా అప్పుడే తలుపు విరగ్గొట్టుకుని నాలుగు జాంబీలు లోపలికి రావాలి. ఆ నాలుగింటినీ పంపేది నేనే. నెలనెలా జీతం కూడా ఇచ్చేవారు.

కొత్తగా రాత పనిలోకి, ఎడిటింగులోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అనుభవం చెప్పండి మేడమ్" అంటుంటారు. గెలిచిన సంగతులు చెప్తాననుకుంటారు పాపం. గెలిచినవి నా దగ్గర పెద్దగా లేవు. ఓడిపోయింది ఒకటి బాగా గుర్తుంది, అదే చెప్తాను. మధ్యలో నాకు కోపం వస్తే ఓర్చుకోండి. నాది ముక్కుమీది కోపమని జనగామ ప్రెస్సులో అందరికీ తెలుసు.

మాది తరిగొప్పుల పక్కన పల్లె. పెళ్లయ్యాక తొర్రూరు వచ్చాను. మా ఆయన అక్కడ మార్కెట్లో గుమస్తా. నేను రోజూ బస్సెక్కి జనగామ పోయి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో టైపు చేసేదాన్ని. టైపు చేస్తూ చేస్తూ ప్రూఫులు దిద్దడం నేర్చుకున్నాను. పెళ్లి పత్రికలు, ఎలక్షన్ కరపత్రాలు, పదో తరగతి గైడ్లు, ఊళ్లో కవుల పుస్తకాలు, ఏదొచ్చినా నా కళ్ల కింది నుంచి పోవాల్సిందే. తప్పు దొరికితే మా ఓనరును కూడా వదిలేదాన్ని కాదు. మా ఆయన పోయిన ఏడాదికి ప్రెస్సు కూడా మూతపడింది. పిల్లలు లేరు. తొర్రూరులో ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో నేనూ, ఒక పాత కంప్యూటరూ మిగిలాం.

అప్పుడు దొరికింది ఈ పని. హైదరాబాదులో ఒక కంపెనీ. ఫోన్లో కథలు వినిపించే యాప్ వాళ్లది. ఎవరూ చదవని పాత నవలలు తీసుకుని, వాటిలో దయ్యాలు, జాంబీలు, రక్తం కలిపి ఎపిసోడ్లుగా వదిలేవాళ్లు. పాత తెలుగు తెలిసినవాళ్లు, తక్కువ జీతానికి ఒప్పుకునేవాళ్లు కావాలి వాళ్లకు. రెండు విధాలా నేను సరిపోయాను. ఇంట్లో కూర్చునే పని. ఆఫీసు ఎట్లా ఉంటుందో ఒక్కసారే చూశాను.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది, చెప్తాను వినండి. మన పాత నవలాకారులు మహా మర్యాదస్తులు. చావు దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పెట్టేస్తారు. "ఆ పిమ్మట జరిగినది వర్ణింప నలవికాదు" అంటారు, లేదంటే "మూడు దినములు గడచెను" అంటారు. వాళ్లు కళ్లు మూసుకున్న ఆ మూడు దినాలే నాకు తలుపు. అక్కడి నుంచి శవాన్ని లేపితే పాత కథ చెడదు, కొత్త కథ అతుక్కుంటుంది. అతుకు కనబడకుండా ఆ కాలపు తెలుగులోనే రాసేదాన్ని. శవం కరిచే ముందు కూడా వ్యాకరణం తప్పేది కాదు.

పగలంతా మనిషి గొంతు వినబడేది కాదు. రాసిన డైలాగు నోటికి తిరుగుతుందో లేదో చూసుకోవడానికి నేనే పైకి చదువుకునేదాన్ని, శవంలా గుర్రుమనేదాన్ని. ఒకరోజు కింది నుంచి ఇంటి ఓనరామె మెట్లెక్కి వచ్చింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ అక్కా?"

"శవంతోని," అన్నాను, కంప్యూటరు మీది నుంచి కళ్లు తీయకుండా.

ఆ తర్వాత ఆమె తన పిల్లలను పైకి పంపడం మానేసింది. నేను తమాషాకే అన్నాను. కానీ సాయంత్రాలు ఆ పిల్లలు వచ్చి నా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు, అదీ పోయింది.

మా హెడ్డు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి, కోస్తా వైపు పిల్ల. మంచిదే. ఒకసారి మాత్రం, "జాంబీలు తెలంగాణ యాసలో మాట్లాడితే ఫన్నీగా ఉంటుందేమో కదా మేడమ్," అంది. "ఆ యాసల మాట్లాడేటోళ్లం ఇంకా బతికే ఉన్నం అమ్మా," అన్నాను. నొచ్చుకుని రెండుసార్లు సారీ చెప్పింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇంకొక అమ్మాయి మా కథలకు గొంతు ఇచ్చేది. మహబూబాబాద్ దగ్గర తండా పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, మైకు ముందు నిలబడితే మా కంపెనీలో ఆమె చదివినంత శుభ్రంగా తెలుగు ఎవరూ చదవలేరు. ఆడ శవాలన్నిటికీ ఆమె గొంతే. ఫోన్లో "అక్కా" అని పిలిచేది. వారంలో నాతో మాట్లాడే మనుషులు ఈ ఇద్దరే.

ఇక అసలు సంగతి.

ఒక చలికాలంలో మా హెడ్డు ఒక సన్నటి నవల పంపింది. టేకుమట్ల వైపు ఒక బడిపంతులు తన యవ్వనంలో రాసి, సొంతంగా అచ్చేసుకున్నది. ఈ ప్రాంతంలో కాలేజీ సార్లు దాన్ని గొప్పగా చెప్తారు. ఒక ఆదర్శవాది పంతులు కథ. భార్య విషజ్వరంతో చనిపోతుంది, నాలుగేళ్ల కూతురు ఉంటుంది. పెద్దలకు పెట్టే రోజున అతను భార్య పేరు మీద ఏమీ పెట్టడు. "చచ్చినవాళ్లకు ఆకలి ఉండదు, బతికినవాళ్లకు పెట్టండి," అని ఊళ్లో కూలి జనానికి అన్నం పెట్టిస్తాడు. నవలకు పేరు తెచ్చింది ఆ సన్నివేశమే. అది అతని సొంత కథ. భార్య, కూతురు నిజమైన మనుషులు. పంతులు పోయి చాలా ఏళ్లయినా పుస్తకం మీద హక్కు ఇంకా ఇంటివాళ్లదే కాబట్టి, వాళ్లు ఒప్పుకుంటేనే మేం ముట్టుకోవాలి. ఆ కూతురు ఇంకా ఉందట, టేకుమట్లలో. "మీకు దగ్గరే కదా మేడమ్, సంతకం తీసుకురండి," అంది మా హెడ్డు. హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు ఇక్కడ అన్నీ దగ్గరే.

తొర్రూరు నుంచి హనుమకొండ, అక్కడి నుంచి పరకాల, అటుపైన ఇంకో బస్సు, ఒక ఆటో. చేరేసరికి మధ్యాహ్నమైంది. ముసలామెకు డెబ్బై దాటాయి. గట్టి మనిషి. వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. కోడలు నాకు కుర్చీ వేసి చాయ్ పెట్టింది. కొడుకు పొలం దగ్గర ఉన్నాడు. బడిపంతులు బిడ్డ అయి ఉండి ఆమెకు చదువు రాదు. తల్లి పోగానే అమ్మమ్మగారింటికి పంపేశారట. అక్కడ మేనమామల బర్రెల వెంట తిరిగింది. తండ్రి బదిలీల మీద ఊళ్లు తిరుగుతూ ఎందరి పిల్లలకో అక్షరాలు దిద్దించాడు. తండ్రి రాసిన పుస్తకం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

నేను పేపరు తీశాను. రెండు పేజీలు. ప్రెస్సులో కామా తప్పితే పేజీ మొత్తం మళ్లీ తీయించిన మనిషిని, ఆ రెండు పేజీలను రెండు మాటల్లో చెప్పేశాను.

"మీ బాపు రాసిన కథను ఫోన్ల వినిపిస్తరు అవ్వా. కొన్ని మార్పులు చేస్తరు. జర భయం సీన్లు కలుపుతరు."

"భయమంటే?"

"దయ్యాలసొంటియి."

ఆమె పకపకా నవ్వింది. "మా బాపు దయ్యాల్లేవంటుండె గదనే! ఆయిన పుస్తకంలకే వచ్చినయా?"

"కాలం గట్లున్నది అవ్వా," అన్నాను, నేనూ నవ్వుతూ.

వేలిముద్ర వేసింది. వేశాక నా చేయి పట్టుకుని, "మా అవ్వ సంగతి వచ్చిన కాడ జర మంచిగ రాయి బిడ్డా. ఆమె మొకం గూడ నాకు యాదిలేదు," అంది. అవ్వంటే ఆమె తల్లి. "అట్లనే అవ్వా," అన్నాను. బస్సుకు టైమవుతోందని లేచాను.

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఆ తల్లి చనిపోయిన చోట పంతులు కూడా మిగతావాళ్లలాగే కలం పక్కన పెట్టాడు. "మూడు రోజులు గడిచిపోయాయి" అన్నాడు. నా తలుపు నాకు దొరికింది. మూడో రోజు ఆమెను గుంతలోంచి లేపాను. మట్టి రాలుతూ ఊళ్లోంచి నడిపించి తన ఇంటి ముందుకే తెచ్చాను. తలుపు దగ్గర నిలబడి ఏమనాలి? అక్కడ నా చేయి ఆగింది.

మా ఆయన హనుమకొండ దవాఖానలో ఆఖరి రెండు రోజులు ఉన్నప్పుడు నోట్లో ఏమీ పెట్టవద్దన్నారు. చిన్నపిల్లాడిలా అడిగేవాడు, "ఆకలైతాందే" అని. "డాక్టరు వద్దన్నడు, రేపు తిందువు గాని" అనేదాన్ని. ఆ రేపు రాలేదు. ఆ మాటను తీసుకుని శవం నోట్లో పెట్టాను. "ఆకలైతాంది బిడ్డా, తలుపు తియ్యి." పిల్ల అవ్వ గొంతు గుర్తుపట్టి గడియ తీస్తుంది. తల్లి ఒంగి, పిల్ల చేయి అందుకుని ముద్దు పెట్టుకోబోతున్నట్టే కనబడి కొరుకుతుంది. రాశాక మూడుసార్లు చదువుకుని నాకు నేనే శెభాష్ అనుకున్నాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. ముసలామెకు ఇచ్చిన మాట గుర్తుకైనా రాలేదు. మా హెడ్డు ఫోన్ చేసి, "మేడమ్, ఏడుపొచ్చింది, భయమూ వేసింది, సూపర్," అంది. గొంతు ఇచ్చిన అమ్మాయి మాత్రం, "అక్కా, గీ డైలాగు ఏడికెల్లి తెచ్చినవ్?" అని అడిగింది. ఎక్కడి నుంచీ లేదన్నాను.

వానాకాలంలో ఎపిసోడ్లు వచ్చాయి. జనం బాగా విన్నారు. ఒక పొద్దున టేకుమట్ల నుంచి కోడలు ఫోన్ చేసింది.

"మేడం, నువ్వు రావాలె. మొన్న మా అత్తమ్మకు ఫోన్ల కథ పెట్టిన. అవ్వ లేసొచ్చిన కాడిదాంక ఇన్నది. గప్పటిసంది ముద్ద ముడ్తలేదు. నిన్ను తోలుకరమ్మంటాంది."

దారి పొడుగునా తిట్లకు సిద్ధపడుతూ పోయాను. తిడితే పడాలి, కొట్టినా పడాలి అనుకున్నాను. ముసలామె నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తిట్టలేదు. కోర్టులో వకీలు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"ఆ పోరి నేనే గదా?"

"ఔ అవ్వా."

"మా అవ్వ తలుపు కాడికొచ్చి ఆకలైతాందన్నది."

"ఔ."

"నేను తలుపు తీసిన."

"ఔ అవ్వా. తప్పయింది, నేను..."

"నీ తప్పు గాదే, నా మాటిను. తలుపు తీసినదాన్ని అన్నం ఎందుకు పెట్టలె?"

నాకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ అడిగింది. "ఆకలైతాందని ఇంటి ముంగటికొచ్చి అడుగుతాంది గదా. ఇంట్ల బువ్వ లేదా? ఎందుకు పెట్టలె?"

"అది జాంబీ అవ్వా. జాంబీలు అన్నం తినయి. మనుషులనే తింటయి."

"ఎవలన్న పెట్టి చూసిండ్రా?"

ఆ పనిలోకి వచ్చాక ఎన్ని జాంబీ సినిమాలు చూశానో నాకే తెలియదు. గొడ్డళ్లతో నరికారు, తుపాకులతో కాల్చారు, కార్లతో తొక్కించారు. ఒక్కరంటే ఒక్కరు ఒక పళ్లెం ముందు పెట్టి చూడలేదు. నేనూ పెట్టలేదు.

"మా బాపు మంచోడే," అంది ముసలామె. "ఆ దినం ఊళ్లె అందరికి పెట్టిండు. మా అవ్వకే పెట్టలె. నా అత్తగారింట్ల పెత్రమాసకు వాళ్ల పెద్దలకు పెట్టుకుంటం. మా అవ్వకు గూడ పెడ్తనంటె, ఆడివిల్లవు నీకెందుకే అన్నరు. నాకు అన్నదమ్ములున్నరా? ఎవలు పెట్టాలె మరి? అందరి పెద్దలు వచ్చి తిని పోతరు. మా అవ్వ గన్ని ఏండ్లసంది ఉత్తగనే వచ్చి పోతాంది. నువ్వు రాసింది అబద్ధం గాదు. ఆకలి మీదనే ఉన్నది. కని నా చెయ్యి కొరికిందని రాసినవు సూడు, అది అబద్ధం. నా చేతిల అన్నముంటె అన్నమే తినేది."

ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు గానీ, తెలియని పిల్లల కోసం చెప్తాను. పెత్రమాస అంటే బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు పోయినవాళ్లు ఆకలితో ఇంటికి వస్తారని, బతికుండగా ఏది ఇష్టంగా తినేవారో అది వండి పెడతారు. ఇష్టమైంది లేకపోతే ముట్టకుండా పోతారంటారు. ఇవన్నీ తెలిసి పెరిగినదాన్నే నేను. ఎక్కడివో జాంబీలను అరువు తెచ్చుకున్నాను గానీ, మన చచ్చినవాళ్లు ఎందుకు వస్తారో మర్చిపోయాను.

"మళ్ల రాయి," అంది. "పెత్రమాస లోపట రాయి. నేను పెట్టినట్టు రాయి. అందరు ఇననియ్యి."

"రాస్త అవ్వా. నువ్వు ముందు తిను."

కోడలు పళ్లెంలో అన్నం తెచ్చింది. ముసలామె తింది. నాకూ పెట్టారు, తిన్నాను.

ఆ రాత్రి ఇంటికి చేరగానే సీను మార్చి రాశాను. పిల్ల తలుపు తీస్తుంది. కుండలోని అన్నం తెచ్చి గడప మీద పెడుతుంది. తల్లి కూర్చుని తింటుంది, పిల్ల తల నిమురుతుంది, లేచి వచ్చిన దారిన వెళ్లిపోతుంది. అంతే. మరునాడు మా హెడ్డుకు పంపి ఫోన్ చేశాను. పాత ఎపిసోడు తీసేసి ఇది పెట్టాలన్నాను. ఆమె ఓపిగ్గానే విన్నది.

"బావుంది మేడమ్. కానీ అన్నం పెడితే కథ అయిపోతుంది కదా!"

అప్పటికే తర్వాత రావాల్సిన ఎపిసోడ్లన్నీ రికార్డయిపోయాయి. వాటిలో ఆ తల్లే శవాల గుంపుకు నాయకురాలు. ఊరికి ఊరునే తినాలి. ఆమె కడుపు నిండిపోతే మా కంపెనీ నోట్లో మట్టే. నేను గొంతు పెంచాను. ముసలామె మనసు విరిగిందన్నాను, ఒప్పందం చెల్లదన్నాను. అటువైపు నుంచి ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

"మార్పులు ఏమైనా చేయొచ్చని పేపర్లో ఉంది కదా మేడమ్. మీరు ఆవిడకి చదివి వినిపించలేదా?"

లేదు. వినిపించలేదు. జీవితంలో చదవకుండా వదిలేసిన పేజీలు ఆ రెండే. ఫోన్ పెట్టేశాను. తిట్టుకోవడానికి కూడా గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరు. ఆయన ఉంటే "నీదే తప్పు" అని ఒక్క మాట అనేవాడు, నేను ఎదురు తిరిగేదాన్ని, కొట్లాడుకునేవాళ్లం, కొంత బరువు దిగేది.

ఆ నెలాఖరుకు పని మానేశాను. త్యాగమని అనుకోకండి. ఆ తర్వాత ఇంకో నవల ముందు పెట్టుకుంటే శవాలు లేవలేదు. లేపబోతే ప్రతిదీ ఆకలైతాందనేది. నేను వంటింటి వైపు చూసేదాన్ని. రక్తం ఒక్క చుక్క రాలేదు. అట్లాంటి మనిషికి జీతం ఎందుకిస్తారు?

ఆ సంగతి తెలిసి గొంతు ఇచ్చే అమ్మాయి మహబూబాబాద్ నుంచి ఫోన్ చేసింది. "నువ్వు రాసిన కొత్త సీను నాకు పంపక్కా. కంపెనీ ఏసుకోకుంటె మాయె. నా ఫోన్ల చదివి పంపుత, అవ్వకు ఇనిపియ్యి. మా ఇండ్లల్ల గూడ పండుగపూట చచ్చినోళ్లకు పెట్టందే మేం తినం," అంది. రెండు రోజుల్లో పంపింది. వెనక సంగీతం లేదు, ఎక్కడో కోళ్ల చప్పుడు మాత్రం వినబడుతోంది. అది పట్టుకుని పెత్రమాస నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఓడిపోయానని చెప్పుకోవడానికి అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి.

ఇల్లంతా పండుగ హడావిడి. వాకిట్లో గునుగు పూలు, తంగేడు పూలు కుప్ప పోసి ఉన్నాయి. ముసలామె తల స్నానం చేసి తడి వెంట్రుకలతో కూర్చుని ఉంది. నేను దాచలేదు. "కంపెనీ ఒప్పుకోలే అవ్వా. నీకు పేపరు సరిగ చదివి చెప్పలే, తప్పు నాదే. మీ అవ్వ కొరికినట్టే అందరు ఇంటున్నరు. నేను గెలువలే. నువ్వు చెప్పినట్టు రాసింది ఈ ఫోన్ల ఉన్నది," అన్నాను.

ఆమె కుప్పలోంచి ఒక తంగేడు కొమ్మ తీసి ఆకులు దూయసాగింది. నా వైపు కూడా చూడలేదు. ఆ ముఖం ఇప్పటికీ నన్ను వదలదు. చివరికి, "ఫోన్ల ఉన్నది పెట్టు," అంది.

పెట్టాను. ఆ తండా పిల్ల గొంతు వాకిట్లో వినబడింది. తల్లి వచ్చింది, ఆకలన్నది, పిల్ల అన్నం తెచ్చింది, తల్లి తింది. ముసలామె కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక కళ్లు తెరిచి,

"ఒట్టి అన్నమేనా?" అంది.

"ఏంది అవ్వా?"

"కూర లేదా, తొక్కు లేదా? ఇయ్యాల నేనే పెడ్తాన. మా కొడుకు గూడ పెట్టమన్నడు, ఎవలేమన్న అననియ్యి అన్నడు. కని ఏం పెట్టాలె బిడ్డా? మా అవ్వకేది ఇష్టమో చెప్పేటోళ్లు ఒక్కలు మిగలలె. నువ్వు మా బాపు పుస్తకం మొత్తం చదివినవు గదా. మా అవ్వ ఏం తినేదో రాసిండా?"

ఆ నవల నాకు కంఠతా వచ్చు. అతుకులు వేసినదాన్ని, ప్రతి వాక్యం నా చేతుల్లోంచి పోయింది. ఒక్క నిమిషంలో మనసులోనే మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. ఆమె పిండి విసురుతుంది. పొయ్యి ఊదుతుంది. భర్తకు వడ్డిస్తుంది, అతని స్నేహితులకు వడ్డిస్తుంది, వేళకాని వేళ వచ్చిన చుట్టాలకు వడ్డిస్తుంది. ఆమె వంటను మెచ్చుకునే వాక్యాలు ఎన్నో ఉన్నాయి. ఆమె తిన్న వాక్యం లేదు. పుస్తకం మొత్తంలో ఒక్క ముద్ద ఆమె నోటికి పోలేదు.

ముసలామె నా నోటి వైపే చూస్తోంది. వాకిట్లో ఒక మూల, పొలం నుంచి తెచ్చిన పచ్చి మక్కకంకులు, అదే మొక్కజొన్న పొత్తులు, రాశి పోసి ఉన్నాయి.

"రాసిండు అవ్వా," అన్నాను. "మక్కగారెలు."

ఆమె గబుక్కున ముందుకు వంగింది. "మక్కగారెలా?"

"ఔ. మక్కగారెలంటె పాణమట."

"నాగ్గూడ గదే!" అంది. గొంతు పిల్లదానిలా అయిపోయింది. "నాగ్గూడ మక్కగారెలంటె పాణం! పిల్లా, ఇన్నవా? పెట్టెల పుస్తకమున్నది, తీస్కరా పో."

కోడలు ఇనుప పెట్టెలోంచి బట్టలో చుట్టిన పుస్తకం తెచ్చి ఇచ్చింది. ముసలామె దాన్ని నా ఒళ్లో పెట్టి, చూపుడు వేలు చాపింది.

"ఏడ రాసిండో నా ఏలు వట్టి దాని మీద పెట్టు."

ఇక తప్పించుకునే దారి లేదు. ఏదో ఒక పేజీ తీశాను. బడి కప్పుకు పెంకులు ఎవరు ఇవ్వాలని పంచాయతీలో తగువు పడుతున్న పేజీ అది. ఆమె వేలు పట్టుకుని మధ్యలో ఒక వరుస మీద ఆనించాను. ఆమె ఆ వరుసను నెమ్మదిగా తడిమింది.

"పిల్లా, నువ్వు పదో తరగతి చదివినవు గదా. జర పెద్దగ చదువు, నేనింట," అంది.

కోడలు చీర కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, అత్త భుజం మీది నుంచి పుస్తకంలోకి ఒంగింది. వేలు ఉన్న చోట మనసులోనే చదివింది. పైవరుస చదివింది, కిందివరుస చదివింది. తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు దించుకున్నాను. రెండోసారి కూడా ఆ ముసలామెను మోసం చేసి దొరికిపోయానని అనుకున్నాను.

కోడలు గొంతు సవరించుకుంది. బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలాగా, ఒక్కొక్క మాటా విడదీసి, పుస్తకాల తెలుగులో చదవసాగింది.

"'ఆమెకు... మక్కగారెలు... అంటే... ప్రాణం.'"

ముసలామె ఊపిరి బిగబట్టుకుని వింటోంది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వేలి కిందికి ఇంకొంచెం ఒంగి, పేజీ మీది నుంచి కళ్లు తీయకుండా,

"'ఉల్లిగడ్డలు... ఎక్కువగా వేసుకునేది. అందరూ తిన్నాక... బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని... తాను ఒకటి తిని... బిడ్డకు ఒకటి పెట్టేది,'" అని చదివింది.